దారిలో దొరికిన కుక్క



ప్రతి నెలా మీ ఉత్తరాలు నా దగ్గరకు వస్తూనే ఉన్నాయి. పగటిపూట చుక్కలు ఎక్కడికి పోతాయని ఒకరు అడుగుతారు. చింతపండు తింటే పళ్ళు ఎందుకు పులుస్తాయని మరొకరు అడుగుతారు. వాటికి నాలుగు పుస్తకాలు తిరగేసి నింపాదిగా జవాబు రాస్తాను. కాని ఈ మధ్య వచ్చిన ఒక ఉత్తరానికి జవాబు రాస్తూ కూర్చోవటానికి వీలు లేకపోయింది. చదివి, మడిచి జేబులో పెట్టుకుని, చెప్పులు తొడుక్కుని చేవెళ్ళ బస్టాండుకు పరుగు తీశాను. అరవై దాటిన మనిషి పరుగెత్తితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి!

ఆ ఉత్తరం మొయినాబాదు మండలంలో ఏడో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి రాసింది. ఆ బడి ఉపాధ్యాయిని ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నదే. పిల్లల ఉత్తరాలన్నీ కట్ట కట్టి, ఇటు వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపుతూ ఉంటుంది. అమ్మాయి ఇలా రాసింది:

"సారూ, మా ఇంటికి దగ్గర బీజాపూరు రోడ్డు మీద పెద్ద మర్రిచెట్టు ఉన్నది. ఆదివారం నాడు దాని కింద ఒక ఎర్ర కుక్క పండుకొని ఉన్నది. చాలా బక్కగా ఉన్నది. మెడ చుట్టూ వెంట్రుకలు లేవు. అన్నం పెడితే మా వెంట వచ్చింది. పశువుల కొట్టంలో గడ్డి వెనుక దాచినాము. నాయినకు తెలిస్తే వెళ్ళగొడతాడు. సారూ, దొరికిన కుక్కను పెంచుకోవచ్చునా? దానికి ఏం పేరు పెట్టాలె?"

ఇంతవరకు బాగానే ఉంది. అడుగున, సంతకం తరువాత, చిన్న చిన్న అక్షరాలతో ఇంకో రెండు ముక్కలు ఉన్నాయి.

"సోమవారం నాడు తమ్ముడు దాని గిన్నె తీయబోతే చేతి మీద పన్ను తగిలింది. కొంచెమే నెత్తురు వచ్చింది. పసుపు పెట్టినాము. ఎవ్వరికీ చెప్పలేదు."

నేను ఉత్తరం చదివినది బుధవారం పొద్దున.

చేవెళ్ళ నుంచి మొయినాబాదు వెళ్ళే దారి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. రోడ్డుకు ఇరువైపులా ముసలి మర్రిచెట్లు ఊడలు దించుకుని నిలబడి ఉంటాయి. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు వాటిని కొట్టివేయకుండా కాపాడాలని కొందరు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. అది వేరే కథ, ఇంకో నెల చెబుతాను. ఆ రోజు నేను బస్సు కిటికీ పక్కన కూర్చున్నానే గాని ఆ చెట్లను చూడలేదు. నా కళ్ళ ముందు వేరొక చెట్టు ఉంది.

నాకు పదేళ్ళప్పుడు, అంటే 1970 ప్రాంతంలో, నాతోపాటు చదివే ఒక స్నేహితుడు ఉండేవాడు. ఇద్దరం చింతచెట్టు కింద గోలీలాడుతుండగా ఒక కుక్క వచ్చి వాడి పిక్క పట్టుకుని పోయింది. చిన్న గాయమే. "ఇంట్లో చెప్పకురా, కొడతారు" అన్నాడు వాడు. నేను ఒట్టు వేశాను. ఆ కాలంలో కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పధ్నాలుగు సూదులు పొడుస్తారని పిల్లలందరికీ భయం. నిజంగానే అప్పుడు అలా పొడిచేవారు. గొర్రె మెదడుతో తయారుచేసిన పాతకాలపు టీకా అది. గాయానికి సున్నం రాసి, ఏదో ఆకు కట్టుకున్నాడు. గాయం మానిపోయింది. మేము మరిచిపోయాం కూడా. రెండు నెలలకు వాడికి జ్వరం వచ్చింది. మంచినీళ్ళ చెంబు చూస్తేనే గొంతు బిగుసుకుపోయింది. మూడో రోజున వాడు లేడు. కుక్క కరిచిన సంగతి అప్పుడు చెప్పాను. అప్పుడు చెప్పి ఏం లాభం?

ఈ సంగతి నేను ఎన్నడూ ఈ పేజీలో రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

కనకమామిడి దాటాక బస్సు దిగి, అమ్మాయి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. పిల్లలిద్దరూ బడికి బయలుదేరుతున్నారు. నన్ను చూడగానే అమ్మాయి ముఖం పాలిపోయింది. వాళ్ళ నాయన గులాబీ తోటకు నీళ్ళు పెట్టి అప్పుడే వచ్చాడు. వాకిట్లో అవ్వ కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నది.

"చూడవయ్యా, నేనొక మాట చెబుతాను. అది విన్నాక పిల్లల మీద చెయ్యి ఎత్తనని ముందు నాకు మాటివ్వు" అన్నాను.

అతడు ఆశ్చర్యపోయి, "సరే సారూ, చెప్పున్రి" అన్నాడు.

నేను చెప్పాను. ఇంటిల్లిపాదీ ఒక్కసారి లేచారు. "గా కుక్కను ఇప్పుడే ఊరి అవతలికి తరిమేస్త" అంటూ తండ్రి కర్ర అందుకున్నాడు. "మా కాలంల సున్నం రాస్తుంటిమి, జిల్లేడు పాలు పెడుతుంటిమి" అన్నది అవ్వ. తల్లి పిల్లవాణ్ణి ఒళ్ళోకి లాక్కుని ఏడవసాగింది.

"కర్ర కింద పెట్టు. సున్నం వద్దు. ముందు సబ్బు తెప్పించండి" అన్నాను.

పిల్లవాడి చేతిని కొళాయి కింద పెట్టి, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగించాను. గడియారం చూస్తూనే కడిగించాను సుమా! రెండు నిమిషాలకే ఎవరికైనా చాలుననిపిస్తుంది. అసలు సోమవారం నాడే, కరిచిన మరుక్షణమే ఆ పని చెయ్యవలసింది. అయినా ఆలస్యమైంది గదా అని మానకూడదు. సబ్బు ఎందుకంటే, పిచ్చికుక్క జబ్బును కలిగించే వైరసు చుట్టూ కొవ్వుతో చేసిన పలచటి పొర ఒకటి ఉంటుంది. నూనె గిన్నెను సబ్బుతో కడిగితే జిడ్డు ఎలా వదులుతుందో, ఆ పొర కూడా అలాగే చెదిరిపోతుంది. పొర చెదిరితే వైరసు చస్తుంది. సున్నం, కారం, పసరు ఈ పని చెయ్యలేవు. పైగా గాయాన్ని రేపి ఇంకా లోతు చేస్తాయి. అవ్వకు ఈ మాట నచ్చలేదు. కాని మనుమడి మీద ప్రేమకొద్దీ ఊరుకున్నది.

తరువాత అందరం కలిసి ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్ళాం. డాక్టరు గాయం చూశాడు. పన్ను దిగి నెత్తురు వచ్చింది కాబట్టి, టీకాతోపాటు గాయం చుట్టూ మరొక మందు కూడా వెయ్యాలన్నాడు. టీకా వేశాక శరీరం వైరసుతో పోరాడటం నేర్చుకోవటానికి కొద్ది రోజులు పడుతుంది. ఆ లోపల గాయం దగ్గరే కాపలా కాసే మందు ఈ రెండోది. ఇక టీకా అంటారా, బొడ్డు చుట్టూ కాదు, భుజానికి! రెండు భుజాలకూ చెరొక చిన్న సూది. పిల్లవాడు కళ్ళు మూసుకుని, అయిపోయాక, "ఇంకా ఎప్పుడు పొడుస్తరు?" అని అడిగాడు. మన దేశంలో ఆ పాత పొట్ట సూదుల కాలం 2005 నాటికే అయిపోయింది. అయినా వాటి భయం మాత్రం తాతల నుంచి మనుమలకు ఆస్తిలా వస్తూనే ఉంది.

డాక్టరు ఒక కార్డు రాసిచ్చాడు. మొదటి సూది రోజును సున్నాగా లెక్కపెట్టి, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు మళ్ళీ రావాలి. కొన్ని చోట్ల కండలోకి వేసే పద్ధతి ఉంది. దానికి 14వ రోజున ఇంకొకటి కూడా పడుతుంది. ఎలాగైనా డాక్టరు రాసిన తేదీలలో ఒక్కటి కూడా తప్పకూడదు.

రెండు రోజులు ఆలస్యమైనా టీకా ఎలా పనిచేస్తుందని మీరు అడగవచ్చు. ఆ వైరసు నెత్తురులో కలిసి ఒక్క ఉదుటున పైకి పోదు. నరాల వెంట నెమ్మదిగా మెదడు వైపు పాకుతుంది. అది మెదడు చేరటానికి సాధారణంగా వారాలు, నెలలు పడుతుంది. అది నడిచే లోపల మనం పరుగెత్తి టీకా వేయించుకోవాలి. అది ముందు చేరిందా, జబ్బు లక్షణాలు కనిపించాయా, ఆ తరువాత మనిషి బతకటం దాదాపు అసాధ్యం. చిన్నపిల్లలు పొట్టిగా ఉంటారు కాబట్టి కుక్క వాళ్ళ ముఖం మీద, మెడ మీద కరిచే అవకాశం ఎక్కువ. అక్కడి నుంచి మెదడుకు దారి దగ్గర. అందుచేత రేపు చూద్దాంలే అనుకోకూడదు.

ఈ పరుగుపందెంలో మొట్టమొదట గెలిచిన పిల్లవాడి పేరు జోసెఫ్ మైస్టర్. ఫ్రాన్సులో తొమ్మిదేళ్ళ కుర్రవాడు. 1885 జూలై 4న పిచ్చికుక్క కరిచింది. తల్లి అతణ్ణి వెంటబెట్టుకుని పారిస్‌లో లూయీ పాశ్చర్ వద్దకు వెళ్ళింది. పాశ్చర్ రసాయన శాస్త్రవేత్త, వైద్యుడు కాడు. జబ్బుపడిన కుందేళ్ళ వెన్నుపాము ఎండబెట్టి తయారుచేసిన టీకా ఆయన దగ్గర ఉన్నది గాని దానిని కుక్కల మీద పరీక్షించాడే తప్ప మనుషులకు వేసి నిశ్చయించుకోలేదు. వెయ్యకపోతే పిల్లవాడు చనిపోతాడు. వేస్తే ఏమవుతుందో తెలియదు. జూలై 6న వైద్యుల చేత మొదటి సూది వేయించాడు. పిల్లవాడు బతికాడు. పెద్దవాడయ్యాక ఆ పాశ్చర్ సంస్థకే కాపలాదారుగా పనిచేశాడు. పాశ్చర్ చనిపోయిన సెప్టెంబరు 28ని ఇప్పుడు ప్రపంచ రేబీస్ దినంగా జరుపుతున్నారు. ఇంత జరిగి నూటనలభై ఏళ్ళు దాటింది. అయినా ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది ఈ జబ్బుతో పోతున్నారని అంచనా. వాళ్ళలో మూడో వంతుకు పైగా మన దేశం వాళ్ళే.

సరే, ఇక కుక్క సంగతి.

ఆస్పత్రి నుంచి వచ్చేసరికి అది గడ్డి వెనుక తల కాళ్ళ మధ్య పెట్టుకుని పడుకుని ఉంది. "ఇప్పుడైనా తరమవచ్చునా?" అన్నాడు తండ్రి.

"ఇప్పుడు అసలే తరమకూడదు" అన్నాను. "అది మనకు సాక్షి. కరిచిన కుక్కను పది రోజులు చూడాలి. కరిచేనాటికి దాని చొంగలో వైరసు ఉంటే, ఈ పది రోజులలోనే అది జబ్బుపడి చస్తుంది. పది రోజులు తిని తిరిగి బాగుంటే, ఆనాడు దానికి జబ్బు లేనట్టే. తరిమితే ఆ సాక్షి పోయినట్టే గదా!"

అలా అని టీకాలు పది రోజులు ఆపి చూడవద్దు, బాలలూ. రెండూ ఏకకాలంలో జరగాలి.

పశువుల డాక్టరుకు కబురు చేశాం. తండ్రి కొట్టంలో ఆవులను అవతలికి కట్టి, కుక్కను గట్టి గొలుసుతో వేరుగా కట్టాడు. గిన్నెను పొడుగాటి కర్రతో ముందుకు నెట్టే పని ఆయనదే. పిల్లలు గుమ్మం దాటి లోపలికి రాకూడదని కట్టడి చేశాం. ఆవుపాలు పోస్తామన్నారు. పాలు చాలా కుక్కలకు అరగవు, విరేచనాలవుతాయి. మంచినీళ్ళు, మెత్తటి అన్నం, అందులో ఉడికిన గుడ్డు చాలన్నాను. చాక్లెట్లు, ఉల్లిగడ్డ, ద్రాక్షపళ్ళు మనకు రుచే గాని కుక్కలకు విషం.

పిల్లవాణ్ణి అది ఎందుకు కరిచింది? దానికి పిచ్చి లేకపోవచ్చు. ఆకలితో ఉన్న కుక్క తింటూ ఉండగా గిన్నె తీస్తే ఏం చేస్తుంది? మీ పళ్ళెం లాగితే మీరు ఊరుకుంటారా? తింటున్న కుక్కను, నిద్రపోతున్న కుక్కను, పిల్లలకు పాలిస్తున్న కుక్కను తాకకూడదు. తోక ఊపితే అన్నీ స్నేహమే అనుకోవద్దు. ఒళ్ళంతా వంకరలు తిరుగుతూ తోక వదులుగా ఊపటం వేరు, ఒళ్ళు బిగబట్టి తోక నిటారుగా లేపి కొద్దిగా ఆడించటం వేరు. చెవులు వెనక్కు వంచి, పెదవి ఎత్తి పళ్ళు చూపితే, దగ్గరకు రావద్దని చెబుతున్నదన్నమాట.

మీరు నడుస్తుండగా కుక్క మీదికి వచ్చిందనుకోండి, పరుగెత్తకండి. పరుగెత్తేదాన్ని తరమటం దాని పుట్టుబుద్ధి. ఆ రోడ్డు మీద మర్రిచెట్టు ఉన్నదే, అలా నిలబడండి. చేతులు ముడుచుకుని, నేల వైపు చూస్తూ, అరవకుండా ఉండండి. కాసేపు వాసన చూసి దాని దారిన అది పోతుంది. పడిపోతే మాత్రం ముడుచుకుని, చేతులతో చెవులు, మెడ కప్పుకోండి. కుక్కలు గుంపుగా ఉన్న చోటికి చిన్నవాళ్ళను ఒంటరిగా పంపకూడదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదులోని అంబర్‌పేటలో నాలుగేళ్ళ పసివాడు వీధికుక్కల గుంపు మీదపడి చనిపోయాడు. తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇంకొకటి. కుక్క రోడ్డు నడుమ కుంటుతూ కనిపించినా సరే, దాని కోసం రోడ్డు మీదికి దూకకండి. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర కంకర లారీ, బస్సు గుద్దుకుని ఎందరో ప్రాణాలు పోయింది ఈ దారిలోనే. పెద్దవాళ్ళను పిలవండి.

ఆ సాయంత్రం అమ్మాయి నా దగ్గరకు వచ్చి, మెల్లిగా, "సారూ, పది రోజులైనంక అది మాదేనా?" అని అడిగింది.

"దొరికిన వస్తువు ఎవరిది?" అన్నాను.

"పోగొట్టుకున్నోళ్ళది" అన్నది, కొంచెం ఆలోచించి.

"మరి ఇది ఎవరు పోగొట్టుకున్నారో చూద్దాం పద" అన్నాను.

దారిన కనిపించిన కుక్కలన్నీ దిక్కులేనివి కావు. చాలా కుక్కలు ఎవరో ఒకరివి, లేదా ఆ వీధివి. ఒక చెవి కొస కత్తిరించి ఉన్న కుక్కను చూశారా? దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేసి, పిచ్చి రాకుండా టీకా వేశారని గుర్తు. 2023లో వచ్చిన నిబంధనల ప్రకారం అలాంటి కుక్కను పట్టుకున్న చోటనే మళ్ళీ వదలాలి. అది తప్పిపోలేదు. దాని వీధిలో అది ఉన్నది. దానిని జాలిపడి వేరే ఊరికి చేరవేస్తే అప్పుడు నిజంగా తప్పిపోతుంది. అయితే బడులు, ఆస్పత్రులు, బస్టాండుల వంటి చోట్ల నుంచి కుక్కలను తీసివేసి, టీకాలు వేసి, ఆశ్రయాలలో ఉంచాలని, మళ్ళీ అక్కడ వదలవద్దని 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆదేశించింది. కనుక మీ బడి ఆవరణలో కుక్క కనిపిస్తే మీరు రాయి తీసుకోవద్దు, రొట్టె తీసుకోవద్దు. హెడ్మాస్టరుకు చెప్పండి. పట్నంలో పురపాలక సంఘం వాళ్ళకు, పల్లెలో పంచాయతీ వాళ్ళకు చెప్పే పని ఆయనది.

కుక్కపిల్లల విషయంలో నేనే ఒకసారి మోసపోయాను. బడి వెనుక కట్టెల కింద నాలుగు కూనలు కుయ్యి కుయ్యి మంటూ ఉంటే, తల్లి లేనివనుకుని బుట్టలో పెట్టి ఇంటికి తెచ్చాను. తల్లి తిండి కోసం వెళ్ళింది, అంతే! ఆ రాత్రంతా అది బడి చుట్టూ తిరుగుతూ ఏడ్చిందని కాపలా ముసలాయన చెప్పాడు. తెల్లవారగానే బుట్ట నెత్తిన పెట్టుకుని పోయి వాటిని అక్కడే దించాను. దారిలో కనిపించిన పిల్లలందరూ నవ్వారు. కూనలు కనిపిస్తే దూరం నుంచి కొన్ని గంటలు కాచి చూడాలి. ఆరు, ఎనిమిది వారాల వయసు వచ్చేదాకా వాటికి తల్లి కావాలి.

మా ఎర్ర కుక్కకు చెవి కత్తిరింపు లేదు. కాని మెడ చుట్టూ వెంట్రుకలు అరిగిపోయి ఉన్నాయని అమ్మాయే రాసింది గదా! అంటే ఎవరో చాలా కాలం పట్టెడ కట్టి పెంచారు. పెంచినవాళ్ళే వదిలిపెట్టి పోయి ఉంటారా? అలాంటివాళ్ళూ ఉన్నారు. ముద్దుగా ఉన్నప్పుడు కొనుక్కుని, పెద్దదయ్యాక కారులో తెచ్చి రోడ్డు పక్కన దించిపోతారు. ఆకలికి, బాధకు గురి అయ్యేటట్టు జంతువును అలా వదిలివేయటం 1960 నాటి చట్టం ప్రకారం నేరం. కాని ఇది ఊరి కుక్క. నిక్కిన చెవులు, సన్నటి నడుము, పైకి చుట్టుకున్న తోక.

గుమ్మంలో నిలబడి చూస్తుండగా అమ్మాయి ఇంకొక గుర్తు పట్టింది. ఎడమ వెనుక కాలికి, కొంచెం పైగా, ఒక వేలు అదనంగా ఉంది. "ఈ సంగతి ఎవరికీ చెప్పకు" అన్నాను. దాచవద్దని ఇంతసేపు చెప్పిన సారు ఇప్పుడు దాచమంటాడేమిటని అది నా వైపు చూసింది. కారణం ఉంది. ఎర్ర కుక్క దొరికిందని మనం చాటింపు వేస్తే, నాదే నాదే అని పదిమంది రావచ్చు. అసలైనవాడికి మాత్రమే తెలిసిన గుర్తు ఒకటి మన దగ్గర ఉండాలి.

మర్రిచెట్టు కింద కూరగాయలమ్మే ఆమెను అడిగాం. తెలియదన్నది. చాయ్ హోటలులో అడిగాం. అక్కడా లాభం లేకపోయింది. బండ్లకు పంక్చర్లు వేసే కుర్రవాడు మాత్రం, "శనివారం పొద్దుమూకి గొర్ల మంద ఒకటి రోడ్డు దాటింది సారూ. లారీ హారను కొడితే మంద చెదిరిపోయింది" అన్నాడు. ఉపాధ్యాయిని కుక్క బొమ్మ తీసి, వెనుక కాళ్ళు కనిపించకుండా కత్తిరించి, వాట్సాపులో చుట్టుపక్కల బళ్ళ ఉపాధ్యాయులకు పంపింది. నాలుగు రోజులు ఏ కబురూ లేదు. ఈ మధ్యలో శనివారం పిల్లవాడికి రెండో సూది అయింది. కుక్క గిన్నె నాకి, నీళ్ళు తాగి, గొలుసు పొడుగునా తిరుగుతున్నది. పశువుల డాక్టరు వచ్చి చూసి, ఇప్పటికి బాగానే ఉన్నదన్నాడు.

సోమవారం నాడు గొంగడి భుజాన వేసుకుని ఒక ముసలి కాపరి వచ్చాడు. పాలమూరు వైపు నుంచి గొర్రెలను మేపుకుంటూ వచ్చిన మంద అతడిది. ఏదో బడిలో పిల్లలు చెప్పుకుంటుంటే విన్నాడట. కుక్కను చూపకుండానే, "తాతా, నీ కుక్కకు ఏమైనా గుర్తు ఉన్నదా?" అని అమ్మాయి అడిగింది.

"ఎన్కకాలుకు ఆరో ఏలు ఉంటది బిడ్డా, ఎడమకాలుకు" అన్నాడు తాత.

అమ్మాయి నా వైపు చూసి, తల దించుకుని కొట్టం తలుపు తీసింది.

కుక్క అతణ్ణి చూసి చేసిన గొడవ నేను రాయలేను. గొలుసు తెంపుకునేటంత పని చేసింది. కాని ఇంకా మూడు రోజులు మిగిలి ఉన్నాయి. సంగతి చెప్పేసరికి తాత చిన్నబోయాడు. మంద ఒక్కచోట ఆగదు, మేత ఉన్న చోటికి పోవాలి. అప్పుడు అమ్మాయి తండ్రే ఒక ఉపాయం చెప్పాడు. పంట తీసిన మడి ఒకటి ఖాళీగా ఉంది, ఆ మూడు రాత్రులూ మందను అందులో పెట్టమన్నాడు. గొర్రెల ఎరువు మడికి బలం. తాతకు ఆ మూడు రోజులకు గింజలు కొలిచి ఇచ్చాడు. కుక్కను ఊరి బయటికి తరుముతానన్న మనిషే!

గురువారంతో పది రోజులు నిండాయి. కుక్కకు ఏమీ కాలేదు. శుక్రవారం పొద్దున పశువుల డాక్టరు దానికి కూడా పిచ్చి రాకుండా టీకా వేశాడు. తాత గొలుసు విప్పి, "నడువురా పులీ" అన్నాడు.

"దాని పేరు పులా?" అని పిల్లవాడు పకపక నవ్వాడు. ఎముకలు లెక్కపెట్టవచ్చు, అలాంటి కుక్కకు పులి అని పేరు!

నిన్ననే అమ్మాయి దగ్గర నుంచి మళ్ళీ ఉత్తరం వచ్చింది. మడిలో ఎరువు బాగా పడిందట. తాత వచ్చే ఏడు మంద తోలుకుని వచ్చినప్పుడు పులిని చూపిస్తానన్నాడట. ఏడో రోజు సూది కూడా అయిపోయింది. ఆస్పత్రి కార్డులో మూడు గళ్ళకు తమ్ముడే పెన్సిలుతో టిక్కు పెట్టుకున్నాడట. నాలుగో గడి ఇంకా ఖాళీగా ఉంది. ఇరవై ఎనిమిదో రోజు వచ్చే బుధవారం. అడుగున, ఈసారి పెద్ద అక్షరాలతోనే, "ఆ రోజు మీరు కూడా రావాలె సారూ" అని రాసింది. పొద్దున బస్సుకే వెళ్తాను.